ఇంగ్లీషు గురువు – ఎఱ్ఱసిరా



మాది బొల్లారము, సికిందరాబాదు దండుప్రదేశములో నొక మూల. ఇచ్చటి బజారులో తెలుగు, ఉరుదు, అరవము ఒక్క వీధిలోనే వినబడును. నేను బాల్యమున అమరము, పంచకావ్యములు వల్లెవేసినవాడను. అయినను బడిలో ఉపాధ్యాయులు చాలనందున ఇరువది యేండ్లు ఇంగ్లీషు కూడ చెప్పవలసి వచ్చెను. ఆ కాలమున నేను చేసిన యొక తప్పును ముందుగా మనవి చేసెదను.

ఒక తోటమాలి కుమారుడు విద్యార్థివేతనమునకై తన్నుగూర్చి ఇంగ్లీషులో ఒక పుట వ్రాసి తెచ్చెను. వాక్యమున కొక తప్పు. ఎఱ్ఱసిరాతో దిద్ది దిద్ది విసిగి, ఆ కాగితమును ప్రక్కన బెట్టి, నేనే క్రొత్తగా వ్రాసియిచ్చితిని. నా పాండిత్యమంతయు అందు గుప్పించితి ననుటకు సందేహము లేదు. పరీక్షించు పెద్దలు వానిని బిలిచి, అందలి యొక మాటకు అర్థ మడిగిరట. వాడు తల వంచుకొని నిలిచెనట. వేతనము రాలేదు. వాడు మొదట వ్రాసిన పుటలో, తండ్రి తెల్లవారుజామున కావడితో నీరు మోసి గులాబిమొక్కలకు పోయుట యున్నది. దానిని నేను కొట్టివేసితిని.

అప్పటినుండి, మంచి ఇంగ్లీషు గురువు లెట్లుండిరో తెలిసికొన గోరితిని. మా సికిందరాబాదులోనే మహబూబు కళాశాలకు 1899 మొదలు 1904 వఱకు రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా నుండిరి. 1862లో మచిలీపట్టణమున జనించి, హైదరాబాదులో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొర శిష్యులై, ఇంగ్లీషున ఎం.ఏ. పట్టమందిన మహనీయులు వారు. ఇచ్చటినుండి కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వెడలి 1919 వఱకు దానిని నడపిరి. ఆ కళాశాలలో చదివిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిపై వారి ప్రభావ మెంతటిదో లోక మెఱుగును. బోధించినది పరభాష, ఫలించినది తెలుగు కవిత్వము!

రాజమహేంద్రవరమున నిట్టిదే మఱియొక విశేషము. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రిన్సిపాలు. ఆయన స్వయముగా కవి, చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు గారలు ఆయన శిష్యులు. దామెర్ల రామారావుగారి చేతివాటమును గుర్తించి బొంబాయి చిత్రకళాశాలకు బోవుటకు దారి చూపినదియు ఆయనయే. రామారావుగారు 28 యేండ్లు నిండకయే 1925లో గతించిరి. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున నేటికిని కలవు. బాపిరాజుగారి 'నారాయణరావు' నవల సంగతి మీకు నేను జెప్పవలెనా! ఇంగ్లీషు చెప్పుటకు వచ్చిన దొర పిల్లలలో తనను బోలిన దొరలను వెదకలేదు. వారి కన్నును, వారి చేతిని వెదకెను. ఇది నాకు మిక్కిలి యాలస్యముగా బోధపడినది.

మఱి తప్పులు దిద్దనక్కరలేదా? దిద్దవలయును. కాని ఆ తప్పు లెచ్చటినుండి వచ్చుచున్నవో చూడుడు. మన వాక్యమున క్రియ తుదను నిలుచును. ఇంగ్లీషున కర్తవెంటనే వచ్చును. 'నాకు ఆకలి' యనగా మనకు నిండు వాక్యము, క్రియ లేదు. 'ఆమె మా అక్క' యన్నను అంతే. కావున పిల్లవాడు ఇంగ్లీషున క్రియను విడిచినచో, వాడు తెలివితక్కువవాడు కాడు, తెలుగు వ్యాకరణమును తప్పక పాటించుచున్నాడు! 'ఏ', 'ది' అను చిన్న మాటలు మనకు లేనే లేవు. వానిని మఱచుటయు నిట్లే. ఈ కారణము చెప్పినచో పిల్లవాడు నవ్వి తానే దిద్దుకొనును. ఎఱ్ఱగీతలు పది గీసినచో కలము మూసికొనును. వ్యాకరణము చదివిన పండితుడనై యుండియు ఈ సులువు నాకు మొదట తోచకపోవుట చిత్రము.

ఇప్పుడు సాయంకాలములందు నలుగు రైదుగురు కళాశాల పిల్లలు మా వసారాకు వచ్చుదురు. ముందు సంగతిని తెలుగున చెప్పుమందును. పిదప వ్రాయుదురు. తప్పున్నచోట సీసపుకలముతో చిన్న గీత మాత్రము గీయుదును. మాట వారే వెదకుకొనవలయును. కాలము పట్టును. ఒకనాడు ఒక బాలిక ఒక్క వాక్యముతోనే గంటసేపు పోరాడి, చివరకు నేను తలచిన దానికంటె చక్కని మాటను తెచ్చెను.

గ్రామములందలి పెద్దలు కొందరు, 'అయ్యా, మాకు ఇంగ్లీషు రాదు, మనుమని కే సాయము చేయగల'మని యడుగుచుందురు. వాడు వ్రాసిన కాగితమును వానిచేత చదివించి, 'దీని భావము తెలుగులో చెప్పు నాయనా' యని యడుగుడు. చెప్పలేక తడబడిన వాక్య మెవ్వరిదో పరుల వాక్యము. అచ్చట వ్రేలు పెట్టి, 'ఇది నీ మాటలలో మరల వ్రాయు'మనుడు. ఆ పనికి ఇంగ్లీషు అక్కరలేదు.