సూది పడేటప్పుడు బిడ్డ తల్లి ఒళ్లోనే ఉండాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మాట్లాడినది)

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇందాకే విన్నాం. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. రక్తహీనత గురించి ఏటా చెప్పుకుంటున్నాం కాబట్టి ఈసారి వేరే సంగతి చెప్తాను. పసిబిడ్డకు టీకా వేసేటప్పుడు నొప్పి ఎట్లా తగ్గించాలి అని. దీనికి మందు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

మా పెద్దోడు పుట్టిన మర్నాడు నర్సమ్మ వచ్చి వాణ్ణి పక్క గదిలోకి తీసుకుపోయింది. గోడ అవతల నుంచి ఏడుపు. నేను మంచం దిగబోతే "నువ్వు చూడలేవులే, పడుకో" అన్నారు. మా అత్తమ్మ కూడా "పసిగుడ్డుకు నొప్పేం తెలుసు, కాసేపు ఏడ్చి ఊరుకుంటాడు" అంది. అత్తమ్మను తప్పు పట్టను. 1980ల దాకా పెద్ద పెద్ద డాక్టర్లే అట్లా అనుకున్నారు. పసిపిల్లలకు నొప్పి మందు సరిగా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసిన రోజులున్నాయి. మన దేశం నుంచి ఇంగ్లండు వెళ్లి చదివిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఆపరేషన్ అప్పుడు నొప్పి మందు ఇస్తే బాగా తట్టుకుంటున్నారని 1987లో చూపించారు. అంటే నొప్పి తెలుస్తుందనేగా.

ఇప్పుడు మన పిల్లలకు పుట్టగానే బీసీజీ, హెపటైటిస్ బి సూదులు, పోలియో చుక్కలు. ఆరు వారాలకు రెండు తొడలకు, ఒక చేతికి కలిపి మూడు సూదులు. పధ్నాలుగు వారాలకు మళ్లీ మూడు. మా తోటికోడలి కూతురు ఆరు వారాల సూదులప్పుడు బిడ్డ ఏడుపు చూసి పది వారాలకు తీసుకుపోనే లేదు. "నా వల్ల కాదు పిన్నీ" అని ఏడ్చింది. ఆశా కార్యకర్త నాలుగుసార్లు తిరిగితే గానీ ఆ డోసు పడలేదు. ఆ పిల్లను అందరూ తిట్టారు గానీ, ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు.

చేయాల్సింది ఇది. సూదికి రెండు మూడు నిమిషాల ముందే రొమ్ము అందించాలి. బిడ్డ నోటినిండా పట్టుకుని గుటకలు వేస్తున్నాక సూది వేయమనాలి. వేసేటప్పుడూ, వేశాకా పాలు ఆపకూడదు. తల్లి ఒంటి వెచ్చదనం, పాల తీపి, చప్పరించడం మూడూ కలిసి నొప్పిని తగ్గిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇదే చెప్పింది. పాలు గొంతుకు అడ్డం పడతాయని మన పెద్దవాళ్ల భయం. ఇట్లా పాలిస్తూ సూది వేయించి చూసిన పరిశోధనల్లో అట్లాంటిది కనపడలేదు. పోలియో చుక్కలు వేశాక అరగంట పాలివ్వకూడదనే మాట కూడా వట్టిదే.

పాలివ్వడం కుదరకపోతే బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ అదిమిపెట్టొద్దు. ఒళ్లో నిటారుగా పొదువుకోండి, నాన్నయినా, అమ్మమ్మయినా సరే. బరువు తక్కువ బిడ్డలు ఆస్పత్రిలో ఉంటే మడమ దగ్గర గుచ్చి రక్తం తీస్తుంటారు. అప్పుడు కంగారూ పద్ధతిలో బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోనిస్తారా అని అడగండి. కొన్నిచోట్ల నర్సులు నాలుక మీద చక్కెర నీళ్లు కొద్దిగా వేస్తారు. అది కొలత ప్రకారం వాళ్లు చేసే పని. ఇంట్లో మనం చక్కెర నీళ్లు గానీ తేనె గానీ నాకించొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలే.

మా చిన్నదానికి నేనిట్లాగే చేశాను. అస్సలు ఏడవలేదని అబద్ధం చెప్పను. కెవ్వుమంది, మళ్లీ రొమ్ము పట్టుకుని ఊరుకుంది. అన్నిటికంటే కష్టమైంది సిగ్గు. టీకాల రోజు అంగన్‌వాడీలో పదిమంది ఉంటారు, మగవాళ్లూ వస్తారు. అందుకని మా గ్రామ సంఘం వాళ్లం ఒక మూల పాత చీర అడ్డం కట్టి రెండు కుర్చీలు వేశాం. ఏఎన్ఎమ్మమ్మ మొదట "టైం పడుద్ది" అంది. ఇప్పుడు తనే "తల్లులు అటు కూర్చోండమ్మా" అంటోంది.

ప్రతి ఊళ్లో ఇట్లా ఒక మూల ఉండాలని తీర్మానం రాయమని అడుగుతున్నాను. చీరలు మనమే తెస్తాం. తాడు, మేకుల ఖర్చు సమాఖ్య లెక్కలో రాసుకోవడానికి ఇందాక లెక్కలు చదివిన అక్క ఒప్పుకోవాలి మరి.