ఊడిన పన్ను పాలల్లో వెయ్యండి



బడి వదిలాక ద్వారకా తిరుమలలో పిల్లలు ఏం ఆడతారు? చెడుగుడు ఆడతారు. దాన్నే బడిలో కబడ్డీ అంటారు. ఖోఖో ఆడతారు. కర్రాబిళ్ళ ఆడతారు. ఆడపిల్లలూ ఆడతారు. ఆడాలి కూడా.

కానీ కొందరు తల్లులకు భయం. "ముందు పన్ను ఊడితే దీనికి పెళ్ళెలా అవుతుందమ్మా?" అంటారు. పిల్లను ఆట మాన్పిస్తారు. పన్ను మగపిల్లాడికీ ఊడుతుంది. వాడిని మాత్రం ఎవరూ మాన్పించరు. ఇదేం న్యాయం?

అయితే ఆ భయం ఉత్తిది కాదు. కూతకు వెళ్ళిన పిల్లను అవతలి జట్టు చుట్టుముడుతుంది. ఒకరు కాలు పడతారు. ఇంకొకరు నడుం పడతారు. ఆ తోపులాటలో ఒకరి మోచెయ్యి ఇంకొకరి నోటికి తగులుతుంది. దెబ్బ ఎక్కువగా పై వరస ముందు పళ్ళకే. కర్రాబిళ్ళలో బిళ్ళ ఎగిరి వచ్చి మూతికి తగలొచ్చు.

దీనికి ఒక సాధనం ఉంది. పళ్ళ తొడుగు. మౌత్ గార్డ్ అంటారు. మెత్తగా ఉంటుంది. పై పళ్ళకు తొడుక్కోవాలి. అప్పుడు దెబ్బ అంతా ఒక్క పంటి మీద పడదు. పెదవి పళ్ళకు తగిలి కోసుకోదు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పేరు వినే ఉంటారు. 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. బాక్సింగ్‌లో నోట్లో తొడుగు లేకుండా బరిలోకి రానివ్వరు. చెడుగుడులో ఆ అలవాటు తక్కువ. దెబ్బ మాత్రం దెబ్బే కదా!

ఆటవస్తువుల కొట్లో దొరికే తొడుగును వేడినీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది. కాస్త ఆరాక పళ్ళకు పెట్టుకుని కొరికితే పళ్ళ అచ్చు పడుతుంది. పళ్ళ డాక్టరు కొలత తీసి చేసేది ఇంకా బాగా అమరుతుంది. ఖర్చు ఎక్కువ. "నోట్లో తొడుగు ఉంటే కూత ఎలా పెడతారు?" అని అడగొచ్చు. సరిగ్గా అమరితే మాట వస్తుంది. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. ఆట అయ్యాక చన్నీళ్ళతో కడగాలి. ఎండలో పెడితే వంకర పోతుంది. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు.

తొడుగు లేదు, పన్ను ఊడింది. అప్పుడేం చేయాలి?

పాలపన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసురుతాం. మంచిదే. దాని చోట ఇంకోటి వస్తుంది. పాలపన్నును మళ్ళీ పెట్టకూడదు కూడా. కానీ ఏడెనిమిదేళ్ళకు వచ్చే పై ముందు పన్ను పోతే ఇంకోటి రాదు. దాన్ని విసరొద్దు. వెతకండి. నమిలే వైపు పట్టుకోండి. వేరు ముట్టుకోవద్దు. మట్టి అంటితే పాలతో ఒక్కసారి కడగండి. పాలు అందకపోతే మంచినీళ్ళతో. సబ్బు వద్దు, పసుపు వద్దు, కొంగుతో తుడవొద్దు. వీలైతే వెంటనే ఆ గుంటలోనే పెట్టి, మెత్తటి గుడ్డ కొరికించండి. పిల్ల భయపడితే గ్లాసుడు చల్లటి పాలల్లో వెయ్యండి. యాత్రికులు వచ్చే ఊరు. ఏ టీ కొట్లో అడిగినా పాలు ఇస్తారు. వేడి పాలు మాత్రం పనికిరావు.

పాలే ఎందుకు? వేరు మీద కంటికి కనపడని ప్రాణం ఉంటుంది. ఆరితే గంటలోపే చస్తుంది. నీళ్ళలో నానినా చస్తుంది. పాలల్లో కొన్ని గంటలు బతుకుతుంది. ఇక్కడ నుంచి ఏలూరుకు బస్సులో గంట పడుతుంది. బస్సు కోసం నిలబడిన సేపు వేరు. అందుకే ఆ గ్లాసు అంత ముఖ్యం. ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాల ఉంది. పిల్లకు వాంతులైనా, స్పృహ తప్పినా ముందు పెద్దాసుపత్రికే తీసుకెళ్ళాలి. పన్ను సంగతి తర్వాత.

డాక్టరు ఆ పన్నును గుంటలో పెట్టి, పక్క పళ్ళకు సన్నటి తీగతో కడతారు. సుమారు రెండు వారాలు ఉంచుతారు. ధనుర్వాతం సూది అవసరమా అని అడగండి. ఆ రెండు వారాలు జావ, మెత్తటి పెరుగన్నం పెట్టాలి. చెరుకు, జంతికలు అడిగినా ఇవ్వొద్దు.