పనిదినాలు పెంచితే సరిపోతుందా?



బడి రోజులు పెంచాలని మనలో చాలామంది అంటున్నారు. పాతబస్తీలో బోనాలు, మొహర్రం, నిమజ్జనం అంటూ సెలవులు ఎక్కువట. సరే, లెక్క చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. టీచరుకు వారానికి 45 గంటలు, పాఠం తయారీతో కలిపి. నలభై మంది చొప్పున ఐదు సెక్షన్లుంటే 200 నోటుబుక్కులు. ఒక్కోదానికి మూడు నిమిషాలే వేసుకున్నా, ఒక్కసారి దిద్దడానికి పది గంటలు! (పరీక్ష పేపర్ల సంగతి ఎత్తను, ముందు వరుసలో మేడంలు అప్పుడే నవ్వుతున్నారు.)

జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పని టీచర్లకు చెప్పొద్దని కూడా ఆ చట్టంలోనే ఉంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లనే పంపారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం నుంచి గల్లీలు. పిల్లలకు ఒంటిపూట బడి. కొత్తగా ఇరవై రోజులు అడిగేముందు, పోయిన ఆ పూటలు అడగాలి కదా?

జూబ్లీ నిధితో గేటుకు ఆర్చి కట్టిద్దామంటున్నారు. ఆ డబ్బుతో ఆన్‌లైన్ హాజరు, వివరాలు ఎక్కించడానికి ఏడాదిపాటు ఒక మనిషిని పెడదామని నా ప్రతిపాదన. కార్యవర్గం ఈ రోజే తేల్చాలి.