కిటికీ దగ్గర నేర్చుకున్న పాఠం



నేను డాక్టరును కాను. ఒక ప్రభుత్వ వైద్య కళాశాల పేథాలజీ విభాగంలో రిపోర్టులు టైపు చేసిన గుమాస్తాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

1996లో ఒక యువకుడు రిపోర్టు కోసం మా కిటికీ దగ్గరకు వచ్చాడు. అతని నాలుక పక్క అంచున తెల్లని గరుకు చారలు ఉంటే, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. 'హెయిరీ ల్యూకోప్లేకియా' అనీ, హెచ్.ఐ.వి. పరీక్ష చేయించవలెననీ ఆ రిపోర్టు టైపు చేసింది నేనే. అందుకని కాగితాన్ని చేత్తో ఇవ్వక, స్కేలుతో ముందుకు తోశాను. అతను నా ముఖం ఒకసారి చూసి, మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు.

మా ప్రొఫెసరుగారు ఇదంతా గమనించారు. కోప్పడలేదు. "ఇలా రావయ్యా" అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

"పైపొర మందమెక్కింది చూడు. దాని కింద కణాలు ఉబ్బి, పాలిపోయి బుడగల్లా ఉన్నాయి. వాటిలో పెరుగుతున్నది ఎప్‌స్టీన్-బార్ వైరస్. దాని డి.ఎన్.ఏ.ను ఆ కణాల్లోనే గుర్తించే పరీక్షలున్నాయి. పెద్దవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో ఉండేదే అది. నీలోనూ ఉండే ఉంటుంది. మన రోగనిరోధక శక్తి దాన్ని అణచి ఉంచుతుంది. హెచ్.ఐ.వి. వల్ల ఆ శక్తి తగ్గితే ఇలా విజృంభిస్తుంది" అన్నారు.

నాకు తల కొట్టేసినట్లయింది. కాగితం వల్ల హెచ్.ఐ.వి. అంటదు. ఆ మచ్చలోని వైరసా, నాలోనూ ఉన్నదే! మరి నేను దూరంగా తోసింది దేనిని?

ఆ మచ్చ క్యాన్సరు కాదు. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో హెచ్.ఐ.వి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. వాడితే రోగనిరోధక శక్తి కోలుకుని, ఈ మచ్చలూ సాధారణంగా తగ్గుతాయి. రోగులపట్ల వివక్ష కూడదని 2017లో చట్టం కూడా వచ్చింది.

మన వయసువారికి ఒక విన్నపం. నోట్లో తెల్లమచ్చలన్నీ ఒకటి కావు. తుడిస్తే పోయేది తరచుగా ఫంగస్. తుడిచినా పోనిది, అందులోనూ పొగాకు అలవాటున్నవారికైతే, క్యాన్సరుకు దారితీసేది కావచ్చు. రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. సిగ్గుపడి దాచుకోకండి.

ఆ యువకుడు మళ్ళీ మా కిటికీ దగ్గరకు రాలేదు. అతనికి చెప్పవలసిన క్షమాపణ ఇన్నేళ్ళకు మీ ముందు చెప్పుకుంటున్నాను.