ఆటగాడు శిక్షకుడైన కథ: ఫ్రిట్జ్ పోలార్డు

ఆట యాడువాడు వేఱు, ఆట యాడించువాడు వేఱు. మొదటివానికి కండబలము, కాలివేగము, ధైర్యము కావలెను. రెండవవానికి తెలివి కావలెను. దానితోపాటు మఱియొకటియు కావలెను. అది తన మాటను పదిమందియు మన్నించునట్టి అధికారము. బలమును, తెలివిని దేవుడిచ్చును. అధికారమును మాత్రము తోడి మనుష్యులే యియ్యవలెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మనవారు చెప్పుకొను సామెత యిట్టి సందర్భమునందే పుట్టినది కాబోలు. కావున ఒక సంఘము ఒక జాతివారిని ఎట్లు చూచుచున్నదో తెలిసికొనగోరినచో, వారిని ఆటలోనికి రానిచ్చినదా యని యడిగిన చాలదు. వారి యాజ్ఞను పాటించుటకు ఒప్పుకొన్నదా యనియు అడుగవలెను. ఈ ప్రశ్నకు అమెరికా దేశపు ఫుట్‌బాలు చరిత్ర యేమి సమాధాన మిచ్చుచున్నదో, ఆ చరిత్రలో మొదటి పుటలయందు కనబడు ఫ్రిట్జ్ పోలార్డు అను నల్లజాతి క్రీడాకారుని జీవితము మూలముగా నేడు మనవి చేసెదను.

ముందుగా ఆ యాటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. మన బాలురు కాలితో తన్ను బంతియాట యిది కాదు. అమెరికావారి ఫుట్‌బాలులో బంతి కొనదేఱిన గ్రుడ్డువలె నుండును. దానిని చేతబట్టుకొని పరుగెత్తుటయు, చేతితో ముందునకు విసరుటయు ఇందు ప్రధానము. పక్షమునకు 11 మంది. బయలు పొడవు 100 గజములు. బంతి గల పక్షమువారు 4 ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదిరివారిదగును. ఎదిరివారు బంతి పట్టినవానిపై బడి నేల గూల్తురు. ప్రతి ప్రయత్నమునకును ముందు ఎవరు ఎటు పరుగెత్తవలెనో, ఎవరు ఎవరిని అడ్డగింపవలెనో నిర్ణయమై యుండును. చదరంగమునకును మల్లయుద్ధమునకును పెండ్లి చేసినట్లుండు ఆట యిది. ఎత్తు పన్నువాడు శిక్షకుడు. దానిని బయలులో నడపువాడు క్వార్టరుబ్యాకు. తక్కినవారు వీరిరువురి మాటచొప్పున నడచుకొందురు.

పోలార్డు 1894వ సంవత్సరము జనవరి 27వ తేదీన చికాగో నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పోలార్డు. బానిసగా బుట్టి, తప్పించుకొని పోయి, బానిసత్వమును రూపుమాపుటకై జీవితమంతయు వాదించిన మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్ పేరది. తండ్రి క్షురకవృత్తి చేయుచుండెను. తల్లి కుట్టుపని చేయుచుండెను. వారు కాపురమున్న రోజర్స్ పార్కు పేటలో జర్మనీనుండి వచ్చిన కుటుంబములు పెక్కుండెను. ఆ యిరుగుపొరుగువారు ముద్దుగా పిలిచిన ఫ్రిట్జ్ అను పేరే కడవఱకు నిలిచెను. ఆయన ఎత్తు 5 అడుగుల 9 అంగుళములు. బరువు సుమారు 165 పౌనులు. ఆ యాటలో నిది చిన్న విగ్రహమే. అయినను పట్టబోయినవాని చేతికి చిక్కక ప్రక్కకు మెలిదిరిగి పోవుటలో ఆయనకు సాటియైనవారు అరుదు.

1915లో పోలార్డు బ్రౌన్ విశ్వవిద్యాలయమున చేరి ఆడసాగెను. 1916వ సంవత్సరము జనవరి 1వ తేదీన కాలిఫోర్నియాలోని పాసడీనాలో, తరువాత రోజ్ బౌల్ అని ప్రసిద్ధికెక్కిన పందెములో బ్రౌన్ జట్టు వాషింగ్టన్ స్టేట్ జట్టు నెదిరించి 14–0 గా ఓడిపోయెను. ఆ పందెమున ఆడిన మొదటి నల్లవాడు పోలార్డే. ఆ సంవత్సరమే శరత్కాలమున బ్రౌన్ జట్టు యేల్ జట్టును 21–6 గాను, హార్వర్డు జట్టును 21–0 గాను ఓడించెను. ఈ రెండు విజయములకును పోలార్డే ముఖ్యకారకుడు. అమెరికా ఫుట్‌బాలునకు జనకుడని పేరొందిన వాల్టర్ క్యాంపు ఏటేట దేశమునందలి ఉత్తమ క్రీడాకారుల పట్టికను ప్రకటించుచుండెడివాడు. అందు వెనుకవరుసవారిలో మొట్టమొదట చోటు సంపాదించిన నల్లవాడు కూడ పోలార్డే.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో ఆయన ఒహైయో రాష్ట్రమునందలి ఆక్రన్ పట్టణపు జట్టులో చేరెను. ఆక్రన్ రబ్బరు చక్రముల కార్ఖానాలకు పేరుమోసిన పట్టణము. ఆ మఱుసటి యేడు 1920లో ఆ రాష్ట్రమునందే క్యాంటన్ పట్టణమున, మోటారుబండ్లు అమ్ము ఒక అంగడిలో, జట్ల యజమానులు కూడి ఒక సమాఖ్య నేర్పఱచిరి. నేడు కోట్లకొలది డాలరులతో నడచుచున్న నేషనల్ ఫుట్‌బాల్ లీగునకు అదియే పుట్టుక. 1922లో దాని కీ పేరు వచ్చినది. మొదటి యేటి పందెములలో ఆక్రన్ జట్టు 8 గెలిచి, 3 సరిసమానముగా ముగించి, ఒక్కటియు ఓడిపోక విజేతగా నిర్ణయింపబడెను. 1921లో ఎల్జీ టోబిన్ అను తెల్లవానితో కలిసి పోలార్డు ఆ జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ లీగులో శిక్షకపదవి నందిన మొదటి నల్లవాడు ఆయనయే. ఆ కాలమున శిక్షకుడు గట్టుమీద నిలిచి చూచువాడు మాత్రమే కాదు. పెక్కుజట్లలో తానును బయలులోనికి దిగి ఆడువాడే. పోలార్డు ఆజ్ఞయు తానే యిచ్చెను, దెబ్బలును తానే తినెను.

ఆ దెబ్బలెట్టివో కొంచెము చెప్పవలెను. ఆక్రన్‌లో తక్కిన ఆటగాండ్రతో కలిసి ఆయన దుస్తులు మార్చుకొనుటకు వీలులేకపోయెను. జట్టు యజమానికి చెందిన చుట్టల దుకాణములో దుస్తులు వేసికొని, ఆట మొదలగు సమయమునకు మోటారుపై బయలునకు వచ్చుచుండెను. చూడవచ్చినవారిలో కొందఱు తిట్టుచుండిరి, రాళ్ళు రువ్వుచుండిరి. బయలులో క్రింద బడినప్పుడు ఎదిరివారు గుంపుగా మీదబడి కాళ్ళు చేతులు విఱుగగొట్టుదురను భయ మొకటి. అందుచేత ఆయన ఒక యుపాయము నేర్చుకొనెను. నేలగూలినంతనే వెల్లకిల తిరిగి, మేకులు గల జోళ్ళను పైకెత్తి యుంచెడివాడు. మీదికి దూకువాడు ముందుగా ఆ మేకులను చూచుకొనవలసినదే. ఇది యే శిక్షకుడును నేర్పిన విద్య కాదు. ఇట్టి బయలులో తెల్లవారికి ఆయన ఎత్తులు నేర్పెను. వారు నేర్చుకొని ఆడిరి. తరువాతి కాలమున గాయకుడుగా, నటుడుగా లోకప్రసిద్ధి గాంచిన పాల్ రాబ్సన్ కూడ 1921లో ఆక్రన్ జట్టున ఆడెను. 1922లో మిల్వాకీ జట్టునందును వారిరువురు కలిసియే ఆడిరి. పిదప పోలార్డు ఇండియానా రాష్ట్రములోని హామండ్ జట్టునకు శిక్షకుడుగా నుండెను.

1926తో ఆ లీగులో ఆయన యాట ముగిసెను. తరువాత లీగులో నల్లవారి సంఖ్య క్రమముగా తగ్గి, 1933లో జో లిల్లార్డు, రే కెంప్ అను నిరువురు మాత్రము మిగిలిరి. ఆ యేడు దాటగానే వారును లేరు. 1934 మొదలు 1945 వఱకు 12 సంవత్సరములు ఆ లీగులో ఒక్క నల్లవాడును ఆడలేదు. దీనికి వ్రాతపూర్వకమైన శాసన మేదియు లేదు. అట్టి యొడంబడిక యుండెనని యజమానులు ఒప్పుకొననులేదు. వ్రాసిన శాసనమైనచో దానిని ఖండించి కొట్టివేయింప వచ్చును. వ్రాయక నడపు ఆచారమును పట్టుకొనుట యెట్లు? తలుపునకు తాళము కనబడదు, తలుపు మాత్రము తెఱచుకొనదు.

పోలార్డు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1928లో చికాగోలో నల్లవారి జట్టొకటి కూర్చి, తెల్లవారి జట్లతో పందెములు నడపెను. రెండు జాతులవారు ఒక బయలులో ఆడినచో కలహములు చెలరేగునను వాదము వట్టిదని చూపుట ఆయన యుద్దేశము. 1935లో న్యూయార్కులో బ్రౌన్ బాంబర్స్ అను జట్టునకు శిక్షకుడయ్యెను. ముష్టియుద్ధవీరుడు జో లూయీ బిరుదమునే ఆ జట్టునకు పేరుగా పెట్టిరి. ఒక వార్తాపత్రికను సైతము నడపెను. తండ్రి పేరు నిలిపిన కుమారుడు ఫ్రిట్జ్ పోలార్డు జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో 110 మీటర్ల అడ్డంకుల పరుగులో కంచుపతకము గెలిచెను.

1946లో మొదటి తలుపు తెఱచుకొనెను. క్లీవ్‌లండునుండి లాస్ ఏంజిలిస్‌కు తరలివచ్చిన రామ్స్ జట్టువారు అచటి కొలీసియమున ఆడగోరిరి. అది ప్రజాధనముతో కట్టిన క్రీడాస్థలము. ప్రజలందఱి సొమ్ముతో కట్టినచోట కొందఱికే ప్రవేశ మెట్లని నల్లవారి పత్రికల విలేఖరులు నిలదీసిరి. కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనువారిని జట్టులో చేర్చుకొనక తప్పలేదు. ఒక్కొక్క జట్టే ఆ దారి పట్టెను. చిట్టచివర 1962లో వాషింగ్టన్ నగరపు జట్టు లోబడెను.

అయినను ఆడుటకు తెఱచిన తలుపు ఆడించుటకు తెఱచుకొనలేదు. నల్లవానిని పరుగెత్తుటకు, అడ్డగించుటకు పిలిచిరి. ఆలోచించి ఆజ్ఞ యిచ్చు క్వార్టరుబ్యాకు స్థానమునకు మాత్రము పిలిచినది మిక్కిలి అరుదు. శిక్షకపదవి మాట చెప్పనక్కఱలేదు. వారిలో తగినవారు లేకపోయి యుందురని ఎవరైన అనవచ్చును. లూసియానాలోని గ్రాంబ్లింగ్ కళాశాలలో ఎడ్డీ రాబిన్సన్ 1941లో శిక్షకుడై 1997 వఱకు ఆ పదవియందుండి 408 విజయములు సాధించెను. ఏ వృత్తిజట్టును ఆయనను ప్రధానశిక్షకునిగా నియమించుకొనలేదు. ఆయన శిష్యుడు డగ్ విలియమ్స్ 1988 జనవరిలో, లీగు విజేతను నిర్ణయించు సూపర్ బౌల్ పందెమున వాషింగ్టన్ జట్టునకు క్వార్టరుబ్యాకై 42–10 గా గెలిపించెను. కొఱత యోగ్యులయందు లేదు, పిలుచువారియందే యుండెనని చెప్పుట కింతకంటె నిదర్శనము కావలయునా?

పోలార్డు తరువాత ఆ లీగులో ప్రధానశిక్షకుడైన నల్లవాడు ఆర్ట్ షెల్. రైడర్స్ జట్టున 207 పందెము లాడి, రెండుమారులు సూపర్ బౌల్ విజయములో పాలుపంచుకొన్న దిట్ట. 1989 అక్టోబరులో ఆ జట్టే ఆయనను శిక్షకునిగా నియమించెను. 1990లో జట్టు 12 గెలిచి 4 మాత్రమే ఓడెను. అప్పటికి పోలార్డు శిక్షకత్వము ముగిసి అఱువది యేండ్లు దాటినవి. తన వెనుక మఱియొకడు ఆ గద్దె నెక్కుట చూడకయే పోలార్డు 1986 మే 11వ తేదీన, 92వ యేట కన్ను మూసెను. ఇంకొక మూడున్నర యేండ్లు బ్రతికియుండినచో చూచియుండెడివాడు.

టోనీ డంగీ కథ మఱియొక విధముగా బోధకరము. మినెసోటా విశ్వవిద్యాలయమున ఆయన క్వార్టరుబ్యాకు. 1977లో వృత్తిజట్టునకు రాగానే ఆ స్థానము నియ్యక, ఎదిరివారి బంతి నడ్డగించు పనికి మార్చిరి. ఆజ్ఞాపించు తెలివి గలవాడు ఆజ్ఞను పాటించువాడయ్యెను. కాని ఆ తెలివి వ్యర్థము కాలేదు. 1981లో ఉపశిక్షకుడై, 1996లో ప్రధానశిక్షకుడై, 2007 ఫిబ్రవరి 4వ తేదీన ఇండియానాపొలిస్ జట్టును సూపర్ బౌల్ విజేతగా నిలిపెను. ఓడిన చికాగో జట్టు శిక్షకుడు లవీ స్మిత్ సైతము నల్లజాతివాడే. నల్లజాతి శిక్షకుని చేతిలోని జట్టు ఆ పందెము గెలుచుట అదియే మొదలు. శిక్షకులిరువురిలో ఎవరు గెలిచినను ఆనాడు చరిత్ర యొకటియే అగుచుండెను.

ఈ మార్పు తనంతట వచ్చినది కాదు. 2002లో జానీ కాక్రన్, సైరస్ మెహ్రీ అను న్యాయవాదులు, నల్లజాతి శిక్షకుల గెలుపులెక్కలు మెఱుగుగా నున్నను వారికి పదవి ఆలస్యముగా దొరకి త్వరగా పోవుచున్నదని ఒక నివేదిక ప్రకటించిరి. అందుపై 2003లో లీగువా రొక నియమము చేసిరి. ప్రధానశిక్షకుని నియమించునపుడు అల్పసంఖ్యాకవర్గముల అభ్యర్థి నొక్కనినైనను పిలిచి మాటాడవలెనని నాడు అందు విధించిరి. అప్పటి పిట్స్‌బర్గు యజమాని డాన్ రూనీ పేరున దీనిని రూనీ నియమ మందురు. ఆ కృషిని కొనసాగించుటకు అదే యేడు ఏర్పడిన సంఘము పోలార్డు పేరే పెట్టుకొనినది. 2005లో, లీగు పుట్టిన ఆ క్యాంటన్ పట్టణమునందలి కీర్తిమందిరములో పోలార్డునకు స్థానము లభించెను. ఆయన చనిపోయి అప్పటికి 19 సంవత్సరములు.

పిలిచి మాటాడుమను నియమము పిలుపును కల్పింపగలదు గాని మనస్సును కల్పింపలేదు. 2022లో బ్రయన్ ఫ్లోరెస్ అను శిక్షకుడు, తన్ను నియమించు ఉద్దేశములేకయే లాంఛనమునకై పిలిచిరని ఆరోపించుచు లీగుపైన, కొన్ని జట్లపైన వ్యాజ్యము దాఖలు చేసెను. 1921లో ఆక్రన్ జట్టు చేసిన పనికి నూఱేండ్లు నిండిన పిమ్మట కూడ ఆ ప్రశ్న న్యాయస్థానమున నిలిచియుండెను.

పోలార్డు జీవితమునుండి మనము గ్రహింపవలసినది నాకు తోచినంతవఱకు మనవి చేసెదను. మంచి మార్పు ఒకమారు వచ్చినంతమాత్రమున అది నిలుచునని నమ్మరాదు. 1921లో లోకము ముందడుగు వేసెను. 1934 నాటికి అడుగు వెనుకకు దీసెను. కాలము గడచినకొలది న్యాయము తనంతట పెరుగునను నమ్మకమున కీ చరిత్ర సాక్ష్య మీయదు. కాచువారున్ననే అది నిలుచును. మఱియొకటి. కష్టించి పనిచేయుమని యొకనిని పిలిచి, ఆలోచన చెప్పబోయినప్పుడు నోరు మూయించుట గౌరవము కాదు. ఇది ఫుట్‌బాలు బయలునకే పరిమితమైన మాటయో కాదో శ్రోతలు తమ తమ యూళ్ళను, కచ్చేరీలను, పాఠశాలలను తలచుకొని నిర్ణయింతురుగాక.