ఎర్రకార్డు తగవు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణము విని, ఎవరి రాశికి రాజపూజ్యమెంత, అవమానమెంత అని లెక్క చూచుకొన్నవారము మనము. ఏ రాశిలో పుట్టినవాడైనా సరే, ఫుట్‌బాల్ మైదానములో ఈల పట్టిన రెఫరీకి మాత్రము ఏటేటా రాజపూజ్యము సున్న, అవమానము ఏడు! అతడు ఎర్రకార్డు తీసిననాడు ఇక చెప్పనక్కరలేదు. ఈ పూట ఆ కార్డును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

మన రాజపాళయములో మిల్లు షిఫ్టు విడిచిన తరువాత టీకొట్టు బల్లలమీద ఈ తగవు వినని వారుండరు. వీధిలో తమిళములో మొదలైన వాదము ఇంటి గడప దాటేసరికి తెలుగులోనికి మారుతుంది గాని చల్లారదు. "అది అసలు తప్పే కాదు" అని అన్న, "ముందే పంపవలసినవాడు" అని తమ్ముడు. వాదించవద్దని మేము అనము. ఎట్లా వాదించవలెనన్నదే మా ప్రశ్న.

ఈ కార్డు పుట్టుకే మాట తెలియని చిక్కులో ఉన్నది. 1966 జూలై 23న లండను వెంబ్లీ మైదానములో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనలు. ఇంగ్లండుకు, అర్జెంటీనాకు పోటీ. జర్మను రెఫరీ క్రైట్లైన్, అర్జెంటీనా నాయకుడు రాటిన్‌ను బయటికి పొమ్మన్నాడు. నోటి దురుసునకు పంపినానని రెఫరీ చెప్పిన కారణము. ఆయనకు స్పానిష్ భాష రాదు! రాటిన్ దుబాసీ కావలెనని అడిగినానన్నాడు. నిమిషాల తరబడి ఆయన కదలలేదు, ఆట సాగలేదు. అప్పుడు రెఫరీలపై అధికారిగా ఉన్న కెన్ ఆస్టన్ ఇంటికి కారులో పోతూ, వీధి కూడలిలోని పసుపు, ఎరుపు దీపములను చూచినాడు. ఏ భాషవాడికైనా అర్థమయ్యే ఆజ్ఞ అదేనని ఆయనకు తోచినది. 1970 మెక్సికో ప్రపంచ కప్పులో కార్డులు వచ్చినవి. ఆ కప్పులో ఎరుపు ఎవరికీ చూపలేదు. ప్రపంచ కప్పులో మొదటి ఎర్రకార్డు 1974లో చిలీ ఆటగాడు కార్లోస్ కాస్జెలీకి దక్కినది. పొరుగు భాష నడుమ తరతరాలుగా బ్రతుకుతున్న మనకు, మాట అర్థము కాకపోతే ఎంత దూరము పోతుందో ఒకరు చెప్పవలెనా?

అయితే కార్డు "పో" అని చెప్పగలదు గాని "ఎందుకు" అని చెప్పలేదు. ఆ ఎందుకును గురించే లోకమంతా వాదిస్తున్నది. 2010 జూలై 2న జోహాన్నెస్‌బర్గులో ఉరుగ్వే, ఘానా తలపడినవి. స్కోరు 1-1. అదనపు సమయము చివరి క్షణములలో గోలులోనికి పోతున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేతులతో ఆపినాడు. ఎర్రకార్డు, పెనాల్టీ. ఘానా ఆటగాడు గ్యాన్ కొట్టిన బంతి అడ్డకమ్మికి తగిలి ఎగిరిపోయినది. తరువాతి పెనాల్టీల పోటీలో ఉరుగ్వే 4-2తో గెలిచినది. ఇది మోసమని కొందరు, తప్పు చేసినాడు, శిక్ష అనుభవించినాడని కొందరు. గోలు ఇచ్చివేయరాదా అని మరికొందరు. గీత దాటని బంతికి గోలు ఇచ్చే అధికారము రెఫరీకి లేదు. కనుక ఆ తగవు రెఫరీతో కాదు, చట్టముతో.

చట్టము మాటకు వినదా? వింటుంది. పెనాల్టీ, ఎర్రకార్డు, తరువాతి ఆటకు నిషేధము, ఒక్క తప్పుకు మూడు శిక్షలేమిటని ఏళ్ల తరబడి వాదించినారు. 2016లో నిబంధన మారినది. పెనాల్టీ పెట్టెలో బంతికొరకే నిజముగా ప్రయత్నించి పొరపాటున ఎదుటివాని గోలు అవకాశము చెరిపినవానికి ఇప్పుడు పసుపు కార్డే. కావలెనని చేతితో ఆపినవానికి మాత్రము ఎరుపే. నేరుగా చూపిన ఎర్రకార్డును వీడియో చూచి సరిదిద్దుకొనే ఏర్పాటు 2018లో చట్టములోనికి వచ్చినది. ఇవన్నీ వాదన సాధించినవి.

రాయి ఏమి సాధించినదో కూడ వినవలెను. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట. ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ ఆటగాడు విదేశ్ బోస్ ఒకరితో ఒకరు తలపడగా రెఫరీ ఇద్దరినీ పంపివేసినాడు. ఇరుపక్షములకూ సమముగానే శిక్ష. అయినా గ్యాలరీలో కొట్లాట రేగినది, తొక్కిసలాట జరిగినది. 16 మంది అభిమానులు మరణించినారు. ఆట చూడబోయినవారు ఇల్లు చేరలేదు. ఆ రోజున కలకత్తాలో ఏటా రక్తదానము చేస్తున్నారు. చిందిన రక్తమునకు అంతకంటె తగిన జవాబు మాకు తోచదు.

గ్యాలరీ ఎంత అరచినా ఆటతోనే జవాబు చెప్పినవారున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో జనమంతా మనవారిని ఎగతాళి చేస్తుండగా, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీము తీర్చిదిద్దిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము తెచ్చినది.

కనుక మన పిల్లలకు మా మనవి మూడు మాటలు. ఆ ఆటగాడు ఏ జట్టువాడని అడుగుటకు ముందు, ఏ నిబంధన తప్పినాడని అడగండి. మన జట్టువాడు అదే పని చేసి ఉంటే ఏమందుమో ఆ మాటే అనండి. తీర్పును ఎంతైనా విమర్శించండి, తీర్పరి ఇంటిపేరు, కులము, భాష ఎత్తకండి. మన బడి మైదానములలో ఈల పట్టేవారు డ్రిల్లు మాస్టర్లు, ఆట మానిన పెద్దలు. ఎండలో పరుగెత్తినందుకు తిట్లే కూలి అయితే రేపు ఈల ఎవరు పట్టుతారు? ఈల లేనిచోట ఆట ఉండదు, బంతి వెనుక పరుగెత్తే గుంపు మాత్రమే ఉంటుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఉగాది పచ్చడిలో చేదును ఉమ్మివేయక మింగినవారము మనము. మనకు నచ్చని తీర్పును కూడ ఆ పూటకు మింగి, మరునాడు టీకొట్టు బల్లమీద తనివితీర వాదించుకొందము. కొత్త సంవత్సరము అందరికీ శుభమగు గాక!