నలుగురి నోట మన పేరు



వడియాలు ఎవరింట బాగుంటాయో మీ వీధిలో అందరికీ తెలుసు. జాకెట్టు ఎవరు కుడితే భుజం జారకుండా నిలుస్తుందో కూడా తెలుసు. పాపం ఆవిడ ఏనాడూ గుమ్మానికి బోర్డు కట్టలేదు, పేపర్లో ప్రకటన వెయ్యలేదు. అయినా నాలుగు వీధుల అవతలనుంచి గుడ్డ సంచిలో పెట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. దీన్నే ఈనాటి పిల్లలు 'పర్సనల్ బ్రాండ్' అంటున్నారు. మాట కొత్తదేగాని సంగతి మన అమ్మమ్మలనాటిది. కాకపోతే ఆనాడు నాలుగు వీధులు దాటని పేరు ఈనాడు చేతిలో ఫోనుంటే నాలుగు దేశాలు దాటుతోంది. పేరుతోపాటు ఇంకా ఏమేమి గడప దాటుతున్నాయో చూసుకోవడం కూడా మన పనే. ఈ రెండు సంగతులూ నా అనుభవంలోంచి మీతో ముచ్చటించాలని వచ్చాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇరవయ్యారేళ్ళుగా అదే ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్ ముందు కూర్చుని ఇరుగుపొరుగుల జాకెట్లు కుట్టడం నాకు అలవాటు. 2019 వేసవిలో మా ఆడపడుచు కొడుకు శలవులకు వచ్చి, "అత్తా, నువ్వు కత్తిరిస్తుంటే నేను ఫోన్లో తీస్తా, మాట్లాడుతూ వుండు" అన్నాడు. సరదాకి ఒప్పుకున్నాను. యూట్యూబులో ఏదో తమాషా పేరుతో ఛానెల్ పెట్టాడు. చూస్తూండగానే ముప్ఫయ్యేడు పాఠాలయ్యాయి. ఎక్కడో ఒమన్‌లో వున్న ఒక అమ్మాయి నా పాఠం చూసి తన జాకెట్టు తనే కుట్టుకున్నానని ఫొటో పంపితే ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి.

తరవాత అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళాడు. ఫోను నంబరు మార్చాడు. ఛానెల్ తెరిచింది అతని ఈమెయిల్‌తో. తాళం తియ్యాలంటే రావలసిన అంకెలు అతని పాత నంబరుకు పోయేవి. పాస్‌వర్డు అతనికీ గుర్తులేదు. ముప్ఫయ్యేడు పాఠాలూ కళ్ళెదుటే వున్నాయి, కాని వాటిలో ఒక్క అక్షరం దిద్దే అధికారం నాకు లేదు! సొంత ఇంటి బయట నిలబడి కిటికీలోంచి సామాను చూసుకుంటున్నట్టుంది. మీరు పిల్లల సాయం తీసుకోండి, తప్పులేదు. గుంటూరు జిల్లా మస్తానమ్మగారు నూరేళ్ళు దాటిన వయసులో పుచ్చకాయలో కోడికూర వండి లోకాన్నంతా ఆశ్చర్యపరిచారు. 2018 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆవిడ ఆ పల్లెటూరి అవ్వగానే మాట్లాడారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వగారూ అంతే. ఆ ఇద్దరి వెనకా కెమెరా పట్టిన కుర్రవాళ్ళు వున్నారు. సాయం వేరు, తాళంచెవి వేరు. ఈమెయిలు మీది, ఫోను నంబరు మీది, పాస్‌వర్డు మీది కావాలి. రెండంచెల తాళం వుంటుంది, అది కూడా వేసుకోండి. ఇంటి తాళాలు కొంగున ముడివేసుకునేవాళ్ళం కదా, ఇది మనకు ఒకరు నేర్పాలా?

మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను. ఈసారి ఫోను నన్నే అడిగింది, 'మీ పేరు?' అని. నవ్వకండి. వేలు ఆగిపోయింది. ఇంట్లో నేను అమ్మను, వదినను, కోడలిని. బయట ఫలానావారి భార్యను, లేదా రెండో అంతస్తు ఆంటీని. నా పేరు రేషను కార్డులోనూ ఓటర్ల జాబితాలోనూ తప్ప ఎక్కడా వాడుకలో లేదు. మావారి పేరు పక్కన 'గారి సతీమణి' అని రాద్దామా అనుకున్నాను కూడా. చివరికి నా పేరే రాసి, పక్కన 'కుట్టు పాఠాలు' అని పెట్టాను.

కుట్టు పాఠాలే ఎందుకంటే, నాకు వంటా వచ్చు, ముగ్గులూ వచ్చు. అన్నీ కలిపితే కిరాణా కొట్టు అవుతుంది. 'జాకెట్టు కటింగు అర్థం కాలేదా, అయితే ఆవిడ చెప్పింది చూడు' అనిపించుకోవడం నాకు కావాలి. లైనింగు గుడ్డ నీళ్ళలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలని, లేకపోతే మొదటి ఉతుకులో లోపలిది ముడుచుకుపోయి పైది ఉబ్బుతుందని ఒక పాఠం అంతా అదే చెప్పాను. దాన్ని చూసినంతమంది నా బోట్ నెక్ మోడల్ని చూడలేదు! అందరూ చూపించే కొత్త ఫాషన్ల కంటే, ఎవరూ చెప్పకుండా వదిలేసే చిన్న కిటుకుకే మనుషులు మళ్ళీమళ్ళీ వస్తారు. ప్రతి బుధవారం ఒక పాఠం. పండగైనా, పనిమనిషి రాకపోయినా సరే.

ఇక డబ్బు సంగతి. చాలామంది మొదట అడిగేది అదే. పాఠం మధ్యలో వచ్చే ప్రకటనల్లో మనకు వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులూ, పన్నెండు నెలల్లో 4000 గంటలు చూసిన లెక్కా వుండాలి. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 సార్లు చూడాలన్నమాట. నాకు రెండేళ్ళ మీద పట్టింది. ఆ రెండేళ్ళూ ఇల్లు గడిచింది వీధిలోవాళ్ళ జాకెట్ల మీదే. అందుకని వున్న పని మానుకుని దీనిమీద కూర్చోకండమ్మా.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. 36 అంగుళాల ఛాతీకి కటింగు చూపిస్తున్నాను. గుడ్డ మడతమీద వుంటుంది గనక నాలుగోవంతు తొమ్మిది, కుట్టుకూ లోపల లూజుకూ ఒకటిన్నర, వెరసి పదిన్నర. నా చేతులు పదిన్నర దగ్గరే కత్తిరించాయి. నోరు మాత్రం "తొమ్మిది దగ్గర కత్తిరించండి" అంది. చూస్తూ చేసినవాళ్ళకు ఏమీ కాలేదు. నెల తిరిగాక ఒక అమ్మాయి సందేశం పంపింది. ఫోను గోడకానించి, వింటూ, చెల్లెలి నిశ్చితార్థం చీరలోని పట్టు ముక్క తొమ్మిది దగ్గర కత్తిరించిందట. చీరతో వచ్చిన ముక్క అది. అంగట్లో దొరికేది కాదు. "మీరు చెప్పారనే కత్తెర పెట్టాను" అని రాసింది. ఒక్క తిట్టు లేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"ఆ పాఠం తీసిపారెయ్యమ్మా, గొడవ వుండదు" అన్నాడు మా అబ్బాయి. అప్పటికి నావాటిలో అందరికంటే ఎక్కువమంది చూసింది అదే. కాని నాకు తోచింది వేరు. తీసేస్తే, ఇప్పటికే కత్తిరించి కుట్టకుండా వుంచినవాళ్ళు మళ్ళీ అక్కడికే వచ్చి చూస్తే ఏముంటుంది? ఆ తప్పు మాటవరకూ కోసి తీసేసే వీలుందని తెలుసుకుని కోయించాను. పాఠం కింద మొట్టమొదటి వరుసలో 'నేను తొమ్మిది అన్నది తప్పు, పదిన్నర' అని రాయించాను. ఆ బుధవారం కొత్త మోడల్ పక్కన పెట్టి, బిగుతైన జాకెట్టుకు చంకల కింద అదే గుడ్డ చేతి ముక్కల్లో మిగిలినదానితో పట్టీ వేసి, అతుకు కనబడకుండా ఎలా సరిచెయ్యాలో చూపించాను. మొదటి మాటగా నా పొరపాటే చెప్పాను. ఆ అమ్మాయి జాకెట్టు నిలబడింది. చెయ్యెత్తితే తప్ప పట్టీ కనిపించడం లేదని ఫొటో పంపింది. ఆ వారం చేరినంతమంది చందాదారులు అంతకుముందు ఏ వారమూ చేరలేదు. అందుకోసం చేశానని కాదు సుమా. ఎందుకు చేరారో నేను ఈనాటికీ ఆలోచిస్తూనే వుంటాను.

ఇంకో సంగతికి నాకు క్షమాపణ దొరికిందో లేదో తెలియదు. ఒక పాఠంలో నా వెనక బల్లమీద కొలతల పుస్తకం తెరిచి వుంది. పేర్లూ, పేర్ల ఎదురుగా కొలతలూ. పాజ్ చేసి పెద్దది చేస్తే చక్కగా చదవొచ్చు. మా వీధిలోనే వుండే ఒకావిడ అది చూసి, ఒక్క మాటా అనకుండా, కుట్టడానికిచ్చిన రెండు జాకెట్లూ వెనక్కి తీసుకువెళ్ళిపోయింది. పదేళ్ళ నమ్మకం! ఇప్పుడు ఫోను పెట్టేముందు వెనక పాత కలంకారీ దుప్పటి కడతాను. కిటికీలోంచి గుడి గోపురం కనబడకూడదు, పిల్లల స్కూలు బాడ్జీ కనబడకూడదు, ఎదుటివారి సంగతి అసలే కనబడకూడదు. ఆర్డర్లకు వేరే నంబరు పెట్టుకున్నాను. 'మీ ఛానెల్ మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కండి' అని భయపెట్టేవాళ్ళు వస్తారు, నొక్కకండి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి.

పేరు కాస్త వినబడగానే వ్యాపారులూ వస్తారు. ఒక మిషన్లాయన పదివేలిస్తాం, చాలా బాగుందని చెప్పండి అన్నాడు. రెండురోజులు కుట్టి చూస్తే దళసరి గుడ్డకు దారం తెంపుతోంది. వద్దన్నాను. పుచ్చుకున్నా తప్పని కాదు. పుచ్చుకుంటే మాత్రం ఇది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమాలు పెట్టాయి. డబ్బే కానక్కర్లేదు, ఊరికే ఇచ్చిన వస్తువైనా అంతే.

ఒక చిన్న ముచ్చట చెప్పి శలవు తీసుకుంటాను. ప్రకటనల రాబడి పది డాలర్లు దాటాక, మన చిరునామా సరైనదో కాదో తేల్చుకోవడానికి గూగుల్‌వాళ్ళు పోస్టులో ఒక కార్డు పంపుతారు. అందులో అంకెలుంటాయి. అవి నమోదు చేస్తేనేగాని డబ్బు రాదు. నెల గడిచినా కార్డు రాలేదు. మళ్ళీ పంపమని కోరాను. రెండోసారి నేను మెట్లమీద కూరగాయలు బేరం చేస్తున్నాను, పోస్టుమాన్ కింద నిలబడి పేరు చదివి అడుగుతున్నాడు. కింద వాటా పిన్నిగారు, పదేళ్ళుగా నేను కుట్టిన జాకెట్లే తొడుక్కునే మనిషి, "ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు నాయనా, మొన్న కూడా అదే చెప్పి పంపించాను" అంటున్నారు.

వంకాయలు అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తాను.